పొగ మీద ఓటా? ముందు చీటీ చదవండి

పోయిన సంచికలో మాటవరసకు ఒక వాక్యం రాశాను. అమెరికాలో కొన్ని రాష్ట్రాల్లో బహిరంగ స్థలాల్లో పొగ తాగకూడదన్న చట్టం శాసనసభలో పుట్టలేదు, జనమే ఓటేసి తెచ్చుకున్నారు అని. ముప్పై ఒక్కేళ్లు ఇంటర్మీడియెట్ పిల్లలకు పౌరశాస్త్రం చెప్పిన నోరు, ఊరుకోదు. ఆ ఒక్క వాక్యానికి పదకొండు ఉత్తరాలు వచ్చాయి. మూడింటిలో మెప్పు, రెండింటిలో తిట్లు. మెప్పులు దాచుకున్నాను, తిట్లు మా ఆయనకు చదివి వినిపించాను. మిగిలిన ఆరింటికీ ఈసారి జవాబు చెబుతున్నాను. కర్నూలులో ఎండ ముదిరింది, మధ్యాహ్నం బయటకు అడుగు పెట్టే పని లేదు కాబట్టి మొదటి జవాబు కాస్త పొడుగైంది.

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మా పెద్దబ్బాయి అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలో ఉద్యోగం చేస్తున్నాడు. అక్కడ ఏ దుకాణం తలుపుకైనా పాతిక అడుగుల లోపల సిగరెట్ వెలిగించకూడదట. ఇది జనం ఓటుతో వచ్చిన నిబంధన అని వాడూ చెప్పాడు, మీరూ రాశారు. మన దేశంలోనూ ఇలా ఓటు పెడితే రేపే నిషేధం వచ్చేస్తుంది కదా! ఎందుకు పెట్టరు?
(విశ్రాంత పోస్టుమాస్టరు, నంద్యాల)

జవాబు: పోస్టుమాస్టరు గారూ, మీ అబ్బాయి చెప్పింది నిజమే. రాజధాని వాషింగ్టన్ నగరం వేరు, సియాటెల్ ఉన్న ఈ రాష్ట్రం వేరు అని మిగతా పాఠకుల కోసం ఒక ముక్క చెప్పి ముందుకు వెళ్తాను. 2005 నవంబరులో అక్కడ ఇనీషియేటివ్ 901 అనే ప్రతిపాదన మీద ఓటింగు జరిగింది. 63 శాతం మంది అవునన్నారు. నెల తిరిగేసరికి, డిసెంబరు 8న, అమల్లోకి వచ్చింది. ఆ పాతిక అడుగుల లెక్క తలుపులకే కాదు, తెరుచుకునే కిటికీలకు, భవనంలోకి గాలి పీల్చే గొట్టాలకు కూడా వర్తిస్తుంది. మన కర్నూలు సి.క్యాంపు సెంటరులో ఈ కొలత పెడితే తాగేవాడు రోడ్డు మధ్యకు వెళ్లి నిలబడాలి. అక్కడైనా పాతిక అడుగులు దొరుకుతాయో లేదో, నేను టేపు పట్టి కొలవలేదు.

పద్ధతి ఇదీ. అక్కడ సుమారు సగం రాష్ట్రాల్లో పౌరులే చట్టం ముసాయిదా రాసుకోవచ్చు. దాని కింద నిర్ణీత సంఖ్యలో ఓటర్ల సంతకాలు పోగుచేసి ప్రభుత్వానికి ఇస్తారు. సంతకాలు సరిపోతే, అభ్యర్థుల పేర్లు ఉన్న బ్యాలెట్ మీదే ఈ ప్రశ్న కూడా అచ్చవుతుంది. అవును అనో కాదు అనో గుర్తు పెట్టి రావడమే ఓటరు పని.

మీ ఉత్తరంలో నాకు మింగుడుపడనిది ఒక్క మాట. "రేపే వచ్చేస్తుంది" అన్నారు. కాలిఫోర్నియా వాళ్లూ అలాగే అనుకున్నారు. నాలుగు గోడల మధ్య ఉండే బహిరంగ స్థలాల్లో పొగను కట్టడి చేయాలని 1978లో ప్రొపొజిషన్ 5 అనే ప్రతిపాదన పెట్టారు. ఓడిపోయింది. 1980లో మాటలు మార్చి ప్రొపొజిషన్ 10 అని మళ్లీ పెట్టారు. మళ్లీ ఓడిపోయింది. రెండుసార్లూ కాదన్నవాళ్లు సగం దాటి కొద్దిమందే ఎక్కువ. పొగాకు కంపెనీలు లక్షల డాలర్లు గుమ్మరించాయి. అయితే అవి పొగ మంచిదని ప్రచారం చేయలేదు, అంత తెలివితక్కువవి కావు. "మీ జీవితంలోకి ప్రభుత్వం వేలు పెడుతోంది, పైగా దీనికి బోలెడు ఖర్చు" అన్నాయి. 1978 ముసాయిదాలో రాక్ కచేరీకి మినహాయింపు ఉండి జాజ్ కచేరీకి లేకుండా పోయింది. వద్దన్నవాళ్లు దాన్ని పట్టుకుని ఊరంతా నవ్వించారు. రాసేవాళ్లు ఒక్క చోట తడబడితే చాలు, జనం కారణాన్ని వదిలేసి తప్పునే గుర్తుపెట్టుకుంటారు.

అసలు కథ ఆ తర్వాతది. 1994 నాటికి కాలిఫోర్నియాలో చాలా ఊళ్లు సొంతంగా నిబంధనలు పెట్టుకున్నాయి. పని చేసే చోట్ల పొగ వద్దని శాసనసభ కూడా చట్టం చేసింది. అప్పుడు ఫిలిప్ మారిస్ అనే పొగాకు కంపెనీ తానే డబ్బు పెట్టి, సంతకాలు సేకరింపజేసి, ప్రొపొజిషన్ 188 తెచ్చింది. దాన్ని నడిపిన సంఘం పేరును తెలుగులో చెప్పాలంటే "రాష్ట్రవ్యాప్త పొగ ఆంక్షల కోసం కాలిఫోర్నియా వాసులు". పేరు వింటే ఎవరైనా సంతకం పెట్టేస్తారు. లోపల ఉన్నది మాత్రం ఊళ్లలోని గట్టి నిబంధనలన్నీ కొట్టేసి, వాటి స్థానంలో రాష్ట్రమంతటికీ ఒకే మెతక నిబంధన పెట్టాలని. దీని వెనక ఎవరున్నారో నవంబరు లోపు బయటపడింది కాబట్టి సుమారు 70 శాతం మంది కాదన్నారు. బయటపడకపోయి ఉంటే ఏమయ్యేదో చెప్పనక్కర్లేదు.

ఒహాయో రాష్ట్రంలో 2006 నవంబరులో ఇంకా సూక్ష్మంగా నడిచింది. ఒకే బ్యాలెట్ మీద పొగ గురించి రెండు ప్రశ్నలు పక్కపక్కనే. ఇష్యూ 5 పని చేసే చోట్ల, బహిరంగ స్థలాల్లో పూర్తిగా నిషేధించే చట్టం. ఇష్యూ 4 కూడా పొగను కట్టడి చేస్తానన్నదే, కానీ బార్లకు, ఇంకా కొన్నింటికి మినహాయింపు ఇస్తుంది, అప్పటికే ఊళ్లు పెట్టుకున్న నిషేధాలను కొట్టేస్తుంది. దీని వెనక ఉన్నది ఆర్.జె. రేనాల్డ్స్ పొగాకు కంపెనీ. ఇక్కడే మా పౌరశాస్త్రం పనికొస్తుంది. 5 మామూలు చట్టం, 4 రాష్ట్ర రాజ్యాంగానికి సవరణ. రెండూ నెగ్గితే ఏది నిలుస్తుంది? రాజ్యాంగం ముందు చట్టం నిలవదు. అంటే పొగ వద్దనుకునే అమాయకుడు "రెండూ మంచివేలే" అని రెండింటికీ అవునని కొడితే, తన ఓటును తానే చంపుకున్నట్టు. ఒహాయో ఓటర్లు ఆ గోతిలో పడలేదు. ఇష్యూ 5కు 58 శాతం మద్దతు వచ్చింది, ఇష్యూ 4ను సుమారు 64 శాతం మంది తోసిపుచ్చారు. అదే రోజు అరిజోనాలోనూ నెవాడాలోనూ ఇలాంటి జంట ప్రశ్నలే ఎదురయ్యాయి, అక్కడా గట్టి నిషేధమే నెగ్గింది.

ఇదంతా పుస్తకంలో చదివి వల్లిస్తున్నానని అనుకోకండి. మా అపార్ట్‌మెంటులో నాకే జరిగింది. ఇరవై నాలుగు ఇళ్లు. మూడో అంతస్తులో మెట్లు మలుపు తిరిగే చోట కిటికీ పక్కన ముగ్గురు పెద్దమనుషులు నిలబడి తాగేవారు. పక్క ఇంట్లో బాలింత. ఆ అమ్మాయి తలుపు సందులో తడి తువ్వాలు పెట్టుకోవడం చూశాక నేను పట్టుబట్టి సంఘం సమావేశంలో చీటీల ఓటింగు పెట్టించాను. నా చీటీ ఇలా రాశాను: "మెట్ల మీద, లిఫ్టు దగ్గర, వాహనాలు నిలిపే చోట పొగ తాగకూడదు. అవునా, కాదా?" మా కార్యదర్శి గారు రోజుకు ఒక పెట్టె తాగుతారు, మనిషి మాత్రం మహా మర్యాదస్తుడు. "మేడమ్, నేనూ ఒక చిన్న చీటీ కలుపుతాను" అన్నారు. ఆయన చీటీ: "పొగ తాగని వారి సౌకర్యార్థం, తాగేవారికి ఒక ప్రత్యేక స్థలం కేటాయించాలి. అవునా, కాదా?"

లెక్క పెట్టాం. నా చీటీకి 15 అవును. ఆయన చీటీకి 17. అప్పుడు ఆయన లేచి చేతులు జోడించి, ప్రత్యేక స్థలం ఎంపిక కార్యదర్శి పరిధిలోనిది కాబట్టి మూడో అంతస్తు మెట్ల మలుపునే నిర్ణయిస్తున్నానని ప్రకటించారు. సభలో నవ్వులు. నాకు మాత్రం చెవులు వేడెక్కాయి. ఎందుకంటే ఆ 17లో నాది కూడా ఒకటి. "పొగ తాగని వారి సౌకర్యార్థం" అన్న మాటలకు నేనూ పడిపోయాను. నాలుగు నెలల తర్వాత మూడో చీటీ పెట్టించాను: "మొదటి రెండు తీర్మానాల్లో ఏది చెల్లాలి?" అప్పుడు 14కు 10తో నిషేధం గెలిచింది. ఇప్పుడు కార్యదర్శి గారు గేటు బయట ఇస్త్రీ బండి దగ్గర తాగుతున్నారు. ఇస్త్రీ చేసే అతను నన్ను చూసినప్పుడల్లా ముఖం తిప్పుకుంటాడు. ఆ పాపం నాదే.

ఇక మన దేశం. పౌరులు సంతకాలు సేకరించి చట్టం మీద ఓటు పెట్టించే ఏర్పాటు మన రాజ్యాంగంలో లేదు. ఓటు వేసేది ప్రతినిధికి, చట్టం చేసేది ప్రతినిధి. అయినా జనాన్ని నేరుగా అడిగిన సందర్భాలు అసలే లేవనకండి. 1967 జనవరి 16న గోవా మహారాష్ట్రలో కలవాలా, కేంద్రపాలిత ప్రాంతంగానే ఉండాలా అని అడిగారు. కలవాలంటే పువ్వు గుర్తు, వద్దంటే రెండాకుల గుర్తు. రెండాకులు గెలిచాయి. 2013లో ఒడిశాలో నియమగిరి కొండ మీద బాక్సైటు తవ్వాలా అని సుప్రీంకోర్టు ఆదేశంతో పన్నెండు పల్లెల సభలను అడిగితే పన్నెండూ వద్దన్నాయి. మన విషయానికి బాగా దగ్గరిది మహారాష్ట్రలో ఉంది. ఊళ్లోని సారా దుకాణం మూయించాలంటే ఆడవాళ్లు ఓటింగు కోరవచ్చు. నిలబెట్టిన సీసా గుర్తుకు వేస్తే దుకాణం ఉంటుంది, అడ్డంగా పడుకోబెట్టిన సీసాకు వేస్తే మూత పడుతుంది. చదువు రాని అవ్వకు కూడా తను దేనికి వేస్తోందో తెలుస్తుంది. ఇంత తేటగా అడిగిన ప్రశ్నను నేను ఇంకెక్కడా చూడలేదు.

పొగ విషయంలో మనకు చట్టాన్ని ఇచ్చింది ఓటు కాదు, కోర్టు తలుపు. 1999లో కేరళ హైకోర్టు బహిరంగంగా పొగ తాగడాన్ని ఆపమంది. ముంబయి నాయకుడు మురళీ దేవరా వేసిన వ్యాజ్యంలో 2001 నవంబరు 2న సుప్రీంకోర్టు ఆసుపత్రులు, పాఠశాలలు, గ్రంథాలయాలు, కోర్టులు, ప్రభుత్వ కార్యాలయాలు, బస్సులు, రైళ్లలో దేశమంతటా నిషేధించింది. 2003లో పార్లమెంటు చట్టం చేసింది. 2008 అక్టోబరు 2న, గాంధీ జయంతి నాడు, కొత్త నియమాలు అమల్లోకి వచ్చాయి. అంటే మీరు రేపు వస్తుందనుకున్న నిషేధం వచ్చి చాలా ఏళ్లయింది. జరిమానా 200 రూపాయల దాకా.

ఇప్పుడు మీకు నచ్చని సంగతి చెబుతాను, కోప్పడకండి. ఆ నియమాల్లో జరిమానా వేసే అధికారం ఎవరెవరికి ఉందో ఒక పట్టిక ఉంది. రైల్వే స్టేషన్ మాస్టరు, ఆసుపత్రి పాలనాధికారి, లైబ్రేరియన్, ప్రిన్సిపాల్, ఉపాధ్యాయుడు, ఇంకా పోస్టుమాస్టరు. మీ పోస్టాఫీసులో, మీ కౌంటరు ముందు బీడీ వెలిగించినవాడికి రసీదు రాసి ఇవ్వవలసింది మీరే. మీరు ఏ సంవత్సరంలో పదవీ విరమణ చేశారో రాయలేదు కాబట్టి ఎన్నాళ్లు ఆ అధికారం మీ చేతిలో ఉందో లెక్క కట్టలేను. నన్ను కూడా కలుపుకోండి. మా కాలేజీలో సైకిళ్ల షెడ్డు వెనక రోజూ పొగ లేచేది. నేను చేసిందల్లా గట్టిగా దగ్గి పక్కకు తప్పుకోవడం.

ఓటు పెడితే వేస్తారా అని మీరు నన్ను అడిగితే, వేస్తాను. చీటీ రాసిందెవరో కనుక్కుని వేస్తాను.

ప్రశ్న: అమ్మా, నాది చిన్న టీ అంగడి. పక్కనే సిగరెట్ల బంకు కూడా నాదే. అంగడి స్తంభానికి కొబ్బరి పీచు తాడు వేలాడదీసి, కొసన నిప్పు రగిలిస్తూ ఉంటాను. సిగరెట్ కొన్నవాళ్లు దాంతో ముట్టించుకుంటారు. 200 జరిమానా తాగినవాడికా, నాకా? నిషేధం గట్టిగా పెడితే నా గిరాకీ పోతుందని భయం.
(టీ అంగడి యజమాని, ఎమ్మిగనూరు)

జవాబు: తమ్ముడూ, ఇద్దరికీ. లోపల కూర్చుని తాగినవాడికి ఎలాగూ ఉంది. బహిరంగ స్థలం యజమాని ఫిర్యాదు వచ్చినా పట్టించుకోకపోతే అక్కడ ఎంతమంది తాగారో అన్ని జరిమానాలు ఆయన మీద పడతాయి. ఇంకొకటి. బూడిద గిన్నెలు, అగ్గిపెట్టెలు, లైటర్లు, పొగ తాగడానికి వీలు కల్పించే ఏ వస్తువూ అక్కడ ఉంచకూడదని నియమం. నీ తాడు పేరు పట్టికలో ఉండదు, కానీ తాడు చేస్తున్న పని అదే. ముందు దాన్ని విప్పు. పక్కనుంచి పోయే చిన్నపిల్లల ముఖానికి సరిగ్గా ఆ ఎత్తులోనే వేలాడుతుంది అది, చూశావా ఎప్పుడైనా?

గుమ్మం దగ్గర 60 సెంటీమీటర్ల పొడవు, 30 సెంటీమీటర్ల వెడల్పు బోర్డు పెట్టాలి, ఇక్కడ పొగ తాగడం నేరమని. తెలుగులో రాయించుకోవచ్చు. ఫిర్యాదు ఎవరికి చేయాలో ఆ పేరు కూడా ఉండాలి. మీ వీధిలో బడి ఉందో లేదో రాయలేదు. బడికి వంద గజాల లోపు బంకులో సిగరెట్లు అమ్మకూడదు, పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లకు ఎక్కడా అమ్మకూడదు.

గిరాకీ భయం నీ ఒక్కడిదే కాదు. అమెరికాలో ఓటింగు జరిగిన చాలా చోట్ల బార్ల యజమానులు ఇదే చెప్పారు. ఆ దేశపు సర్జన్ జనరల్, అంటే ప్రజారోగ్య ప్రధానాధికారి, 2006లో విడుదల చేసిన నివేదిక అప్పటి దాకా వచ్చిన పరిశోధనలన్నీ చూసి, ఇలాంటి నిషేధాల వల్ల హోటళ్ల వ్యాపారం దెబ్బతినలేదని తేల్చింది. అక్కడి బారు, నీ అంగడి ఒకటి కావని నాకూ తెలుసు. సిగరెట్ మీద నీకు మిగిలేది ఎంతో, టీ మీద మిగిలేది ఎంతో ఒక వారం కాగితం మీద రాసి చూడు. పొగకు జడిసి బయటి నుంచే వెళ్లిపోయే ఆడవాళ్ల లెక్క ఆ కాగితంలో ఉండదు. దాన్ని నువ్వు అంగట్లో నిలబడి కళ్లతోనే లెక్కపెట్టాలి.

ప్రశ్న: మేడమ్, నేను సిగరెట్ తాగుతాను. నా డబ్బు, నా ఊపిరితిత్తులు. తాగనివాళ్లు ఎక్కువ మంది ఉన్నారు కాబట్టి ఓటు పెడితే వాళ్లే గెలుస్తారు. ఎక్కువ మంది చేతులెత్తి తక్కువ మంది అలవాటును తీసేయడం ప్రజాస్వామ్యమా? మంచి గాలి గొట్టాలున్న గది ఒకటి ఇస్తే సరిపోదా?
(సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, అనంతపురం)

జవాబు: నాయనా, నీ ప్రశ్నలో మొదటి సగం నాకు నచ్చింది. తరగతిలో అడిగి ఉంటే గంట మోగే దాకా దాని మీదే మాట్లాడేదాన్ని. నీ వాదానికి నేనే ఒక ఆయుధం ఇస్తాను. జర్మనీలోని బవేరియా రాష్ట్రంలో 2010 జులై 4న ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. భోజనశాలలు, బీరు గుడారాలతో సహా అన్నింటిలో పొగ పూర్తిగా నిషేధించాలా అని. 61 శాతం అవునన్నారు. కానీ ఓటు వేయడానికి వచ్చింది నూటికి 38 మందిలోపే. గుణించి చూసుకో, మొత్తం ఓటర్లలో నూటికి 23 మంది. మిగిలిన 77 మంది మాటేమిటి అని నువ్వు అడగవచ్చు. దానికి వాళ్ల జవాబు, ఆ ఓటింగు రావాలంటే ముందు పద్నాలుగు రోజుల్లో నూటికి పది మంది ఓటర్లు స్వయంగా పురపాలక కార్యాలయానికి వెళ్లి సంతకం పెట్టాలి, అంతకంటే ఎక్కువ మందే వెళ్లారు, ఇంట్లో కూర్చున్నవాళ్లు కూర్చున్నారు అని. నాకు ఈ జవాబు సగమే తృప్తినిస్తుంది.

రెండో సగం దగ్గర మాత్రం నీతో గొడవ. నీ ఊపిరితిత్తులు నీవే, సరే. ఆ గదిలోకి టీ కప్పులు తెచ్చేవాడి ఊపిరితిత్తులు ఎవరివి? ఇందాక చెప్పిన 2006 నివేదికే చెప్పింది, వేరే గది పెట్టినా, గాలి శుద్ధి చేసినా, గొట్టాలు బిగించినా ఇతరులకు పొగ తగలడం పూర్తిగా ఆగదని. అందుకే ఫ్లోరిడా వాళ్లు 2002లో ప్రశ్నను "పని చేసే చోటు" చుట్టూ తిప్పారు. 71 శాతం మంది అవునని, దాన్ని ఏకంగా రాష్ట్ర రాజ్యాంగంలోనే రాసుకున్నారు. తాగేవాడి అలవాటు మీద కాక, అక్కడ జీతానికి నిలబడ్డవాడి గాలి మీద ఓటు అడిగారన్నమాట. అలా అడిగితే నువ్వు ఏమని వేస్తావు? నెవాడాలో 2006 నిషేధం నెగ్గినా కేసినోల్లో జూదం ఆడే హాళ్లను మాత్రం వదిలేశారు. రాత్రంతా అక్కడ పేకలు పంచేవాళ్లకు ఊపిరితిత్తులు లేవని కాదు, కేసినోల బలం అలాంటిది.

మన చట్టం నీకు గది ఇవ్వనే ఇచ్చింది. ముప్పై గదులున్న హోటలు, ముప్పై మంది కూర్చునే భోజనశాల, విమానాశ్రయం, ఈ మూడింటిలో విడిగా స్థలం పెట్టుకోవచ్చు. బస్టాండు మాత్రం ఆరుబయటైనా నిషిద్ధమే. అనంతపురం బస్టాండులో నేను బస్సు కోసం నిలబడ్డప్పుడల్లా ఈ నియమం నాకొక్కదానికే తెలుసేమో అనిపిస్తుంది.

ప్రశ్న: అమ్మా, మా మామగారు హాల్లో కూర్చుని బీడీలు తాగుతారు. మా పాపకు ఎనిమిది నెలలు. ఆయనకు ఏ చట్టం వర్తిస్తుంది? నేను నోరు తెరిస్తే కోడలు ఎదురు చెప్పిందంటారు.
(ఒక పాఠకురాలు, కడప)

జవాబు: అమ్మాయీ, ఇంటి గడప లోపలికి ఈ చట్టం రాదు. నేను పైన రాసిన ఏ ఓటింగూ సొంత ఇంట్లోకి తొంగిచూడలేదు. నీ భయం మాత్రం ఉత్తది కాదు. 1981లోనే జపాను శాస్త్రవేత్త హిరయామా, తాము ముట్టకపోయినా భర్తలు బాగా తాగే ఆడవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సరు ఎక్కువగా ఉందని చూపించారు. పసిపిల్లల ఊపిరితిత్తులు ఇంకా లేతవి. కిటికీ తెరిచాం కదా అంటే చాలదు.

ఇంట్లో ఓటు మాత్రం పెట్టకు. గెలిచినా నువ్వే ఓడిపోతావు. టీకాలకు పాపను తీసుకెళ్లినప్పుడు ఈసారి మామగారినే తోడు తీసుకెళ్లు. డాక్టరును ముందుగానే అడిగి పెట్టుకో, మామగారి ఎదుటే చెప్పమని. మనవరాలి గురించి డాక్టరు చెబితే కోడలి మాట కాకుండా పోతుంది. ఇంటికి వచ్చాక ఆయన కుర్చీ, రేడియో, చెంబు, మూడూ వరండాలోకి చేర్చమని మీ ఆయనకు చెప్పు. నువ్వు చేర్చకు, కొడుకు చేర్చాలి. కుర్చీ ఎక్కడుంటే మగవాళ్లు అక్కడ కూర్చుంటారు, వాళ్లకు స్థలం మీద కంటే కుర్చీ మీద మమకారం ఎక్కువ. వచ్చే నెల మళ్లీ రాయి.

ప్రశ్న: ఈ-సిగరెట్ పొగ కాదు కదా, ఆవిరే కదా. బయట తాగవచ్చా?
(డిగ్రీ విద్యార్థి, ఆదోని)

జవాబు: మన దేశంలో 2019 నుంచి దాని తయారీ, దిగుమతి, అమ్మకం, ప్రచారం అన్నీ నిషిద్ధం. నీకు ఎక్కడ దొరికిందని నేను అడగను. ఫ్లోరిడాలో దీని మీదా 2018లో ఓటింగు జరిగింది, ఎలాగో విను. పని చేసే చోట్ల ఈ-సిగరెట్ వద్దనడాన్ని, తీరం దగ్గర సముద్రంలో చమురు తవ్వకం వద్దనడాన్ని కలిపి ఒకే ప్రశ్నగా అచ్చువేశారు. రెండింటికీ కలిపి ఒకే అవును, ఒకే కాదు. 69 శాతం అవునన్నారు. ఎవరు చమురును చూసి వేశారో, ఎవరు ఆవిరిని చూసి వేశారో దేవుడికే తెలియాలి. మా కార్యదర్శి గారికి ఈ సంగతి ఇంకా చెప్పలేదు.

ప్రశ్న: మేడమ్, ఇంత చెబుతున్నారు. మీరు ఎప్పుడైనా తాగారా?
(మీ పాత విద్యార్థి, ఓర్వకల్లు)

జవాబు: తాగాను. ఎనిమిదేళ్ల వయసులో. మా జేజినాయనకు భోజనం కాగానే చుట్ట కావాలి. దాన్ని పొయ్యి దగ్గరకు తీసుకెళ్లి నిప్పు కణికతో ముట్టించి తెచ్చే పని నాది. మా అవ్వ పొయ్యి దగ్గర ఉంటే ఆమే ముట్టించి ఇచ్చేది. ఒక రోజు అవ్వ ఊళ్లో లేదు. కణిక తగిలించినంత మాత్రాన చుట్ట అంటుకోదని, నోట పెట్టి పీల్చాలని అప్పుడే తెలిసింది. పీల్చాను. కళ్లలోంచి, ముక్కులోంచి నీళ్లు కారుతుండగా చుట్టను పట్టుకుని వసారాలోకి వెళ్తే జేజినాయన పగలబడి నవ్వాడు. సాయంత్రం అవ్వ వచ్చాక ఆయనే గొప్పగా చెప్పాడు. అవ్వ నన్ను ఒక్క మాట అనలేదు. ఆయనకు మాత్రం రెండు రోజులు సంగటి పెట్టి, నంజుకోవడానికి ఊరుబిండి పెట్టలేదు. ఆ తర్వాత ఆయన అగ్గిపెట్టె కొనుక్కున్నాడు. పెరట్లో చింతచెట్టు కింద కూర్చుని తనే వెలిగించుకునేవాడు.